మీకు తెలుసా? ‘నన్ను మరువకు’ పువ్వుకు మన చెరువుగట్టున చుట్టాలున్నాయి!

నీలి పూల ‘నన్ను మరువకు’, అదే ఫర్గెట్ మి నాట్, విత్తనాల కోసం ఆన్‌లైన్‌లో వెతుకుతున్నారా? ఒక్క నిమిషం ఆగండి! దాని చుట్టాలు తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కలే ఉన్నాయి. రోజూ వాటిని తొక్కుకుంటూనే పోతున్నాం!

ముందు ఆ నీలి పువ్వు సంగతి. దాని పుప్పొడి రేణువు ఎంతుంటుందో తెలుసా? సుమారు 5 మైక్రాన్లు! మీ స్కేలు మీద ఒక్క మిల్లీమీటరులో ఇలాంటివి 200 వరసగా పట్టేస్తాయి. లోకంలో ఇంతకన్నా చిన్న పుప్పొడి దొరకడం కష్టం!

మొగ్గలో గులాబి. విచ్చుకుంటే నీలం! 5 రేకులు, నడుమ పసుపు ఉంగరం. పువ్వు ముదిరితే ఆ పసుపు కాస్తా తెల్లబడిపోతుంది. ‘ఇక్కడ తేనె అయిపోయింది, పక్క పువ్వుకు పో’ అని తేనెటీగకు కబురన్నమాట!

ఇప్పుడు మన ఊరి చుట్టం. తేలుకొండిని చూశారా? నాగదంతి అని కూడా అంటారు. మురుగుకాలువ గట్టున, పాడుబడిన దొడ్డిలో మోకాలెత్తున పెరుగుతుంది. ఆకు ముట్టుకుంటే గరగర! పూల కంకి చివర దగ్గరగా చూడండి. తేలు తోక ఎత్తినట్టు చుట్ట చుట్టుకుని ఉంటుంది. ఆ వంపు మీద చిన్నచిన్న పూలు 2 వరసల్లో! నగరి, పుత్తూరు వైపు తమిళం మాట్లాడే ఇళ్లలో అడగండి. ‘తేళ్ కొడుక్కు’ అంటారు. అర్థం అదే, తేలు కొండి! అసలు విచిత్రం ఇంకా ఉంది. ఇంగ్లిషువాళ్లు ఫర్గెట్ మి నాట్‌ను ఒకప్పుడు ‘తేలు గడ్డి’ అనే పిలిచేవాళ్లు! ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి నగరి! మొక్కను గుర్తుపట్టాలంటే ముందు ఆ తోక చూడండి. నాకు తెలిసి ఇంతకు మించిన గుర్తు లేదు.

స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1753లో మొక్కల పేర్లతో పెద్ద పుస్తకం వేశాడు. అందులో తేలుకొండి, ఫర్గెట్ మి నాట్ పక్కపక్క పేజీల్లోనే ఉన్నాయి!

గువ్వగుత్తి ఇంకో చుట్టం. లేత నీలి పువ్వు, సెంటీమీటరుకు పైనే వెడల్పు. కానీ ముఖం చూపించదు! ఎప్పుడూ తల నేలకు వంచే ఉంటుంది. అందుకే సంస్కృతంలో దీని పేరు అధఃపుష్పి!

చెరువు ఎండాక, కోత అయిపోయిన కయ్యలో నేలకు అంటుకుని పాకే మరో చుట్టం హంసపాదిని చూడండి. దాని ప్రజాతిలో ఉన్న జాతులు ఎన్నో తెలుసా? ఒకే ఒక్కటి! అన్నదమ్ముల్లేని మొక్క!

మళ్లీ ఫర్గెట్ మి నాట్ దగ్గరికి వద్దాం. అమెరికాలోని అలాస్కా జెండా ఎందుకు నీలమో తెలుసా? 1927లో దాన్ని గీసింది బెన్నీ బెన్సన్ అనే బడిపిల్లవాడు. ఆ నీలం ఆకాశానికీ, ఈ బుల్లి పువ్వుకీ గుర్తట!

సరే, ఫర్గెట్ మి నాట్‌నే పెంచాలని ఉందా? పెంచొచ్చు! అక్టోబరులో, వాన నేరుగా పడని చోట కుండీలో విత్తండి. పైన పలచగా మట్టి కప్పండి. చీకటిలో ఈ విత్తనం బాగా మొలుస్తుంది! చల్లగా ఉంటే 8 నుంచి 14 రోజుల్లో మొలక కనిపిస్తుంది. పొద్దుటి ఎండ చాలు, మధ్యాహ్నం నీడ కావాలి. మార్చి ఎండకు ఆగదు. మదనపల్లె వాళ్లది అదృష్టం! పక్కనే 1,265 మీటర్ల ఎత్తున చల్లటి హార్స్‌లీ హిల్స్!

విత్తనం కొనేటప్పుడు జాగ్రత్త! చైనా రకాన్నీ ఇదే పేరుతో అమ్ముతారు. పువ్వు నీలమే, అందమూ తక్కువేం కాదు, ఎండకు కాస్త ఓర్చుకుంటుంది కూడా. కానీ మొక్క వేరు! రెండిటికీ ఒక్కో పువ్వుకు 4 గింజలే. అసలుదాని గింజ నున్నగా, నల్లగా మెరుస్తుంది. చైనా రకం గింజకు ముళ్లుంటాయి, పంచెకో చీరకో పట్టుకుంటే వదలదు!

ఇక చివరిది, గట్టిగా గుర్తుపెట్టుకోండి. తేలుకొండి జాతి మొక్కల్లో కాలేయాన్ని తినేసే విషం ఉంటుంది. 1970లలో అఫ్గానిస్తాన్‌లో ఇలాంటి గింజలే గోధుమల్లో కలిశాయి. పరీక్షించిన సుమారు 7,200 మందిలో నూటికి 22 మందికి కాలేయం దెబ్బతింది! కానీ చూడండి వింత, నీలి చారల సీతాకోకచిలుకలు ఇదే విషం కోసం వాడిపోయిన తేలుకొండి మీద గుంపుగా వాలతాయి. చాలావరకు మగవే! ఆ విషంతోనే ఆడవాటిని ఆకట్టుకునే అత్తరు తయారు చేసుకుంటాయి!

కాబట్టి ఎవరు చెప్పినా తేలుకొండి కషాయం తాగకండి. ఆ సీతాకోకచిలుకల కోసం పెరట్లో ఓ మూల ఒక్క మొక్కను మాత్రం పీకకుండా వదిలేయండి!