చెవికి తగిలిన గాయమునకు నష్టపరిహారము

యంత్రములో చేయి నలిగిన యెడల రక్తము కనబడును, నలుగురు పరుగున వత్తురు, ఆ దినము అందరికి జ్ఞాపకముండును. యంత్రపు రొద వలన చెవి పోయిన యెడల ఇట్టిదేదియు జరుగదు. నొప్పి లేదు, రక్తము లేదు, తేదీ లేదు. పది పన్నెండేండ్లు గడచిన పిమ్మట ఇల్లాలు "ఎన్నిమార్లు పిలిచినా పలకరేమి?" అని విసుగుకొనుటతో సంగతి బయటపడును. అయినను చట్టము దృష్టిలో ఈ రెండును గాయములే, రెండింటికి నష్టపరిహారము కలదు. చేయి పోయినవాడు దానిని అడిగి తీసికొనుచున్నాడు. చెవి పోయినవాడు వయసు మీదపడినదనుకొని ఊరకుండుచున్నాడు.

వ్యవసాయ పత్రికకు ఈ విషయముతో ఏమి పని అని మీరు అడుగవచ్చును. నల్లగొండ, సూర్యాపేట ప్రాంతముల నుండి బత్తాయి తీసికొని గడ్డిఅన్నారము మార్కెట్టుకు వచ్చిన రైతులందరికి విజయవాడ రోడ్డు తెలియును. ఆ మార్కెట్టు ఇప్పుడు బాటసింగారమునకు తరలిపోయినది గాని, పల్లెల నుండి పని వెదకుకొనుచు వచ్చు మన పిల్లలు నేటికిని మొదట దిగునది ఎల్.బి.నగర్‌లోనే. దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్ వైపున నలుగురు కలిసి ఒక గది అద్దెకు తీసికొందురు. వనస్థలిపురము దాటిన తరువాత వచ్చు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టుచోట, రేకులు సాపుచేయు డెంటింగు పనిలో, గ్రైండరు వద్ద చేరుదురు. రోడ్డు మీది హారన్ల మోత బాధించును గాని, చెవిని అసలు తినివేయునది షెడ్డులోని సుత్తి దెబ్బ, గ్రైండరు కీచు. ఊరిలో ఉండిపోయినవారు సురక్షితులని అనుకొనరాదు. క్యాబిన్ లేని ట్రాక్టరు తోలువాని చెవి వద్ద రొద తరచు 90 డెసిబెల్లు దాటుచుండును. ఆ రొదను మించునట్లు పాటల డబ్బా పెట్టుకొను కుర్రవాండ్ర సంగతి చెప్పనే అక్కరలేదు.

ఎంత రొదలో ఎంతసేపు పనిచేయవచ్చునో మన కర్మాగారముల నిబంధనలు చాలకాలముగా లెక్క కట్టియున్నవి. 90 డెసిబెల్లలో 8 గంటలు, 95లో 4 గంటలు, 100లో 2 గంటలు, 105లో ఒక్క గంట. అనగా రొద 5 డెసిబెల్లు పెరిగినచో కాలము సగమగును. లోపలి చెవిలో నత్తగుల్ల వంటి భాగమున్నది. అందులోని సన్నని రోమకణములు శబ్దమును గ్రహించును. అవి ఒకసారి చచ్చినచో తిరిగి మొలవవు, ఏ మందుకును మొలవవు. ముందుగా పోవునవి సన్నని స్వరములను పట్టునవి. అందుచేత ఎదుటివారి మాట వినబడును గాని తెలియదు. "చలి" అన్నారో "పులి" అన్నారో తేలదు. రాత్రి నిశ్శబ్దములో చెవిలో జుమ్మను హోరు వినబడును. ఈ రెండు గుర్తులు కనబడిన వెంటనే పరీక్ష చేయించుకొనవలెను.

కోఠిలో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి ఉన్నది. 2018 సెప్టెంబరు నుండి ఎల్.బి.నగర్‌కు మెట్రో రైలు నడుచుచున్నది గనుక ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషనులో దిగి వెళ్లవచ్చును. ఆడియోగ్రామ్ అను వినికిడి పరీక్ష చేసి గీత గీసి ఇత్తురు. రొద వలన పోయిన చెవికి ఆ గీత సాధారణముగా 4,000 హెర్ట్‌జ్ దగ్గర గుంటవలె దిగును, రెండు చెవులు ఇంచుమించు సమానముగా ఉండును. ముసలితనపు చెవుడులో గీత వేరుగా వాలును. పనిదినము సాయంత్రము పరీక్షకు పోరాదు. అలసిన చెవి ఉన్నదానికంటె ఎక్కువ లోపము చూపును, ఆ పరీక్ష తరువాత వాదనలో నిలువదు. సెలవునాడు విశ్రాంతి తీసికొని మరునాడు ఉదయము పోవుట మంచిది. ఏ యంత్రము వద్ద, రోజుకు ఎన్ని గంటలు, ఎన్ని ఏండ్లు పనిచేసినారో డాక్టరుగారికి చెప్పి, అది చీటీలో వ్రాయమని కోరవలెను. వికలాంగుల పింఛనుకు ఇచ్చు ధ్రువపత్రము వేరు. అది చెవి ఎంత పోయినదో చెప్పును గాని, పని వలన పోయినదని చెప్పదు.

ఇక చట్టము. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టము స్థానమున 2025 నవంబరు 21 నుండి సామాజిక భద్రతా కోడు అమలులోనికి వచ్చినది. రొద వలన కలుగు వినికిడి లోపము పాత చట్టమునందు వలెనే ఇందులోను వృత్తిరోగముల జాబితాలో ఉన్నది. ఒకే యజమాని వద్ద అట్టి పనిలో ఎడతెగక ఆరు నెలలు చేసినవానికి ఈ లోపము కలిగినచో, అది పని వలననే కలిగినదని చట్టము అనుకొనును. కాదని రుజువు చేయు భారము యజమానిదే. "ఎల్.బి.నగర్ చౌరస్తా రొద వలన పోయినది, నా షెడ్డు వలన కాదు" అని అతడు ఊరక అన్నంత మాత్రాన చెల్లదు. ఆరు నెలలు నిండక షెడ్డులు మారినవారికి ఈ అనుకూలము లేదు.

అన్నిటికంటె ముఖ్యమైనది, మనవారు పొరపడునది తేదీ సంగతి. దరఖాస్తుకు గడువు రెండేండ్లు. ప్రమాదమైనచో ఆ దినము నుండి లెక్కింతురు. చెవి కొంత పోయినను పని మానక చేయుచున్నవానికి, తన లోపమును యజమానికి నోటీసు ద్వారా తెలిపిన దినము నుండి రెండేండ్లు లెక్కించుదురు. అనగా గాయమునకు లేని తేదీని మీ కాగితమే ఇచ్చును. నోటిమాట చాలదు. తెలుగులోనే ఇట్లు వ్రాయవచ్చును:

"అయ్యా, నేను ఫలానా నెల నుండి మీ షెడ్డులో గ్రైండరు పని చేయుచున్నాను. ఫలానా తేదీన ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష చేయించగా, పనిచోటి రొద వలన నా రెండు చెవులకు వినికిడి తగ్గినదని తెలిసినది. ఇందుకు నష్టపరిహారము ఇప్పింప కోరుచున్నాను. పరీక్ష నకలు జతపరచినాను."

క్రింద పేరు, చిరునామా, తేదీ, సంతకము ఉండవలెను. స్పీడు పోస్టులో పంపి, ఆ రశీదును, ఉత్తరపు నకలును పదిలపరచవలెను. వ్రాయలేనివారికి పంచాయతి కార్యదర్శిగారో, వ్యవసాయ విస్తరణాధికారిగారో పది నిమిషములు వెచ్చించి వ్రాసిపెట్టినచో పెద్ద సహాయము చేసినవారగుదురు. పని మానిన తరువాత గుర్తులు బయటపడినవారికిని దారి ఉన్నది. మానిన రెండేండ్లలోపల కనబడినచో, గుర్తులు కనుగొన్న దినమే ప్రమాద దినముగా ఎంచబడును.

ఇ.ఎస్.ఐ. కార్డు గలవారు నష్టపరిహారమునకు గాక, ఆ సంస్థ బ్రాంచి కార్యాలయములో అంగవైకల్య ప్రయోజనమునకు దరఖాస్తు పెట్టవలెను. వైద్యుల మండలి లోపమును నిర్ణయించిన మీదట నెలనెల సొమ్ము జీవితాంతము వచ్చును. కార్డు లేనివారు, ముగ్గురు నలుగురితో నడచు చిన్న షెడ్డులోనివారైనను, కార్మికశాఖలో నష్టపరిహారపు తగాదాలు విచారించు అధికారికి దరఖాస్తు చేయవలెను. హైదరాబాదులో ఆ శాఖ ప్రధాన స్థానము ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్ వద్ద ఉన్న అంజయ్య కార్మిక సంక్షేమ భవనము. ఆల్విన్ కర్మాగారములో పనిచేసి 1980లో ముఖ్యమంత్రియైన టి. అంజయ్యగారి పేరు దానికి పెట్టినారు. అయితే అచ్చటికే పోవలెనని లేదు. గాయము ఆటోనగర్‌లో తగిలినను, మీరు నివసించు జిల్లాలోని అధికారి వద్దనే దరఖాస్తు పెట్టవచ్చును. ఊరికి తిరిగి వచ్చినవారికి ఇది గొప్ప సదుపాయము.

సొమ్ము ఎంత వచ్చునో ఒక లెక్క చూడుడు. వయసు 40, నెల జీతము 15,000 రూపాయలు అనుకొనుడు. జీతములో నూటికి 60 వంతున 9,000. దీనిని ఆ వయసునకు పట్టికలో ఇచ్చిన 184.17తో హెచ్చించగా 16,57,530 రూపాయలు. ఇది పూర్తిగా అశక్తుడైనవానికి. సంపాదన శక్తి నూటికి 20 వంతులు తగ్గినదని డాక్టరు నిర్ణయించినచో 3,31,506 రూపాయలు రావలెను. అందుచేత జీతపు రుజువు ముఖ్యము. చేతికి రొక్కముగా తీసికొనువారు బ్యాంకు ఖాతాలోనికి వేయించుకొనుట మంచిది. హాజరు చీటీ, తోటి పనివారి సాక్ష్యము కూడ పనికివచ్చును. ఇవ్వవలసిన సొమ్ము నెలలోపల ఇవ్వని యజమాని నూటికి 12 వంతున వడ్డీ కట్టవలెను, తగిన కారణము లేనిచో జరిమానా అదనము.

"పదివేలు తీసికొని ఈ కాగితము మీద వ్రేలిముద్ర వేయుము, ఇక అడుగవద్దు" అని కొందరు రాజీకి దిగుదురు. హక్కు వదలుకొన్నట్లు వ్రాయించుకొన్న అట్టి కాగితము చట్టము ముందు చెల్లదు. చెల్లదు గదా యని వ్రేలిముద్ర వేయుటయు తెలివిగాదు, వ్యవహారము సాగిపోవును.

కడపట ట్రాక్టరు గల రైతులకొక మాట. యంత్రశక్తితో నడచు సేద్యపు పనిలో జీతమునకున్నవారు కూడ ఈ చట్టము క్రిందికి వత్తురు. మీ డ్రైవరుకు మీరే యజమాని, పైన వ్రాసిన నోటీసు ఒకనాడు మీ యింటికే రావచ్చును. బండికి బీమా ఉన్నది గదా యని ధైర్యపడక, అందులో వృత్తిరోగము చేరినదో లేదో పాలసీ చదివించుకొనవలెను. పగిలిన సైలెన్సరును ఈ దుక్కి కాలములోనే మార్పించుడు. చెవులకు దూది పెట్టుకొనుట వలన లాభము స్వల్పము. చెవిలో బిగించు రబ్బరు బిరడాలు గాని, చెవిని మూయు కప్పులు గాని కొని, ఇంజను తాళముతో పాటు డ్రైవరు చేతికి ఇవ్వవలెను.