ఆటపాటల్లో చెవి భద్రం

పిల్లలతో హైదరాబాదు వండర్‌లాకో, మరో వినోదాల పార్కుకో బయలుదేరుతున్నారా? ముందు చెవుల సంగతి చూసుకోండి. వినడమే కాదు, మనిషి తూలకుండా చూడడమూ లోపలి చెవి పనే.

గిరగిర తిరిగే ఆటల్లో చెవి చెప్పేదీ కన్ను చూసేదీ పొసగక వికారం పుడుతుంది. తిన్న వెంటనే ఎక్కకండి. దిగాక కాసేపు కూర్చుని, దూరాన కదలని వస్తువు మీద చూపు నిలపండి. గర్భిణులు, గుండెజబ్బు, మెడనొప్పి ఉన్నవారు ఈ ఆటల జోలికి పోరాదు.

పాటకచేరీలో స్పీకర్లకు దూరంగా కూర్చోండి. 85 డెసిబెల్స్ మోతకు రోజుకు 8 గంటలు హద్దయితే, 100 డెసిబెల్స్‌కు 15 నిమిషాలే! దెబ్బతిని చచ్చిన వినికిడి కణాలు మళ్ళీ పుట్టవు. చెవిలో హోరు మర్నాటికీ తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.