శంషాబాద్ ఇంకెంత పెరగాలి?

ఏటా 1.2 కోట్ల మంది కోసం తెరిచిన హైదరాబాద్ విమానాశ్రయం టెర్మినల్ గుండా ఇప్పుడు దాదాపు 3 కోట్ల మంది రాకపోకలు సాగిస్తున్నారు. మళ్లీ విస్తరించక తప్పదు. మరి ఎప్పుడు? ఆ ఖర్చు ఎవరిది?

అర్ధరాత్రి దాటితే శంషాబాద్‌లో సందడి మొదలు. గల్ఫ్, యూరప్ వైపు వెళ్లే విమానాలు ఎక్కువగా తెల్లవారేలోపే బయల్దేరుతాయి. డిపార్చర్స్ గేటు బయట అమెరికా వెళ్లే కుర్రాడొకడు ఉంటాడు. వెంట అమ్మానాన్నలు, పిన్నీబాబాయిలు, అత్తామామలు. సూట్‌కేసు 23 కిలోలు దాటిందని నేలమీదే తెరిచి, ఆవకాయ ప్యాకెట్లను ఇంకో పెట్టెలోకి సర్దుతుంటారు. టికెట్ ఒకరిది, వచ్చింది పదిమంది. టెర్మినల్ ప్లాను గీసేవాళ్లు ఈ పదిమందికీ నిలబడే చోటు చూపాలి. పత్రికలకెక్కేది ఏడాది మొత్తం అంకె. గేట్లు, తనిఖీ వరసలు, లగేజీ బెల్టులు ఎన్ని కావాలో తేల్చేది మాత్రం బాగా రద్దీగా ఉండే ఆ ఒక్క గంట.

ముందే వదిలిన జాగా

పాత విమానాశ్రయం ఉన్న బేగంపేట చుట్టూ ఊరు పెరిగిపోయి, విస్తరణకు చోటు మిగల్లేదు. 2008 మార్చి 23న విమానాలు శంషాబాద్‌కు మారాయి. ఇక్కడ సుమారు 5,500 ఎకరాలుంది. మొదట 1.2 కోట్ల మందికి కట్టి, దశలవారీగా 4 కోట్లకు పెంచుకోవాలన్నది అసలు ప్రణాళిక. పదేళ్లు తిరిగేసరికే టెర్మినల్ కిక్కిరిసింది. 2018 అక్టోబరులో విదేశాలకు బయల్దేరే ప్రయాణికుల కోసం పక్కనే తాత్కాలిక టెర్మినల్ తెరవాల్సి వచ్చింది. అసలు భవనాన్ని పొడిగించాక, 2022 నవంబరులో వాళ్లను తిరిగి అందులోకి తెచ్చారు.

ముంబయికి ఈ వెసులుబాటు లేదు. 2014లో తెరిచిన రెండో టెర్మినల్‌ను పాత అంతర్జాతీయ టెర్మినల్ ఉన్నచోటే, రాకపోకలు ఆపకుండా, విడతలవారీగా పాతది కూలుస్తూ కట్టుకొచ్చారు. జాగా ఉన్న ఊరు డబ్బుతో గట్టెక్కుతుంది. లేని ఊరికి డబ్బుతో పాటు ఏళ్లూ ఖర్చవుతాయి.

మిగిలింది కొంచెమే

విస్తరణ తర్వాత శంషాబాద్ సామర్థ్యం 3.4 కోట్లు. 2023-24లో వచ్చినవాళ్లు సుమారు 2.5 కోట్లు, 2024-25లో 2.9 కోట్లు. ఒక్క ఏడాదిలో పెరిగినవాళ్లే దాదాపు 40 లక్షలు. అదే ఊపు సాగితే మిగిలిన చోటు ఏడాదిన్నరకు మించి రాదు. జోరు తగ్గినా నాలుగైదేళ్ల మాటే. టెర్మినల్ కట్టడానికీ ఇంచుమించు అంతే పడుతుంది.

భవనం ఒక్కటే పెరిగితే చాలదు. 4,260 మీటర్ల ప్రధాన రన్‌వేకి తోడుగా 3,707 మీటర్ల రెండోది ఉంది. రెండూ బాగా దగ్గరగా ఉండటంతో ఏకకాలంలో వాడుకోలేరు. నగరం నుంచి మెట్రో ఇంకా కాగితాలు దాటలేదు. లోపల హాలు ఎంత విశాలమైనా బయట కార్ల వరస తగ్గదు.

బిల్లు మన టికెట్లోనే

నిర్వహణ సంస్థ జీఎంఆర్‌కు ఒప్పందం 2068 మార్చి దాకా ఉంది. విస్తరణకు పెట్టిన పెట్టుబడిని, దానిపై రాబడిని యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు వంటి ఛార్జీల ద్వారా రాబట్టుకుంటారు. ఎంత వసూలు చేయాలో ఐదేళ్లకోసారి నియంత్రణ సంస్థ ‘ఏరా’ నిర్ణయిస్తుంది. తొందరపడి కడితే ఖాళీ హాలుకు ప్రయాణికుడు డబ్బు కడతాడు. ఆలస్యం చేస్తే క్యూలో నిలబడి తన సమయం కడతాడు. ఎటు తిరిగినా జేబు మనదే.

అందుకే ఎంత పెద్దగా కడతారని అడిగే ముందు ఎప్పుడు కడతారని అడగాలి. ఛార్జీలు ఖరారు చేసే ముందు ఏరా సంప్రదింపు పత్రం బయటపెట్టి అభిప్రాయాలు కోరుతుంది. ఎంత మంది వస్తారు, ఏమేం కడతారు, ఎంతవుతుందన్న అంచనాలన్నీ అందులో ఉంటాయి. టికెట్ ధర చూసి గొణుక్కునేవాళ్లు ఆ కాగితం మీద నోరు విప్పితే ఉపయోగం ఉంటుంది.