మీకు తెలుసా? వీసా అక్కర్లేని సరిహద్దులోనూ కారుకు చీటీ కావాలి

మెదక్‌లో కారు తీసి, రామాయంపేట దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే నేపాల్ దాకా రోడ్డు ప్రయాణమే. 1950 జూలై 31న కుదిరిన శాంతి, మైత్రి ఒప్పందం పుణ్యమా అని అక్కడ మనకు వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చాలు. మరి కారుకు వేరే కాగితాలెందుకని కొందరు అడుగుతారు. అడగదగ్గ మాటే. కానీ ఆ ఒప్పందం వెసులుబాటు ఇచ్చింది పౌరులకు. కారు మాత్రం కస్టమ్స్ లెక్కలో బయటి సరుకే. పన్ను కట్టకుండా అక్కడే అమ్ముడైపోకూడదు కదా! అందుకే సునౌలీ, రక్సౌల్ వంటి సరిహద్దు ఊళ్ల దగ్గర అవతలికి వెళ్లగానే ‘భన్సార్’ (కస్టమ్స్) కార్యాలయంలో ఆర్‌సీ చూపి, ఉండబోయే రోజుల లెక్కన రుసుము కట్టి చీటీ తీసుకోవాలి.

అంతకన్నా కలవరపెట్టేది బీమా. ప్రీమియం కట్టాం, ఇంకేం భయమని చాలామంది ధీమా. మన మోటారు పాలసీ మామూలుగా దేశం లోపలే చెల్లుతుంది. నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్ వంటి పొరుగు దేశాలకు దాని పరిధి పెంచమని బయల్దేరేముందే కంపెనీని అడిగి, అదనపు ప్రీమియం కట్టి, ఆ మాట పాలసీలో రాయించుకోవాలి. ప్రమాదం జరిగాక రాయించుకునే వీలుండదు.