చర్మం దాచని మద్యం లెక్క

ఎంత తాగారని డాక్టరు అడిగితే చాలామంది తగ్గించి చెబుతారు. నిజం చెప్పాలనుకున్నవారికీ లెక్క సరిగ్గా గుర్తుండదు. ఒంటికి కట్టుకునే, అతికించుకునే సెన్సర్లు ఆ లెక్కను నేరుగా చర్మం నుంచే తీసుకుంటున్నాయి. అదెలాగో చూడండి.

◆ తాగిన మద్యంలో 90 శాతానికి పైగా కాలేయమే విచ్ఛిన్నం చేస్తుంది. కొద్దిపాటి భాగం మాత్రం ఏ మార్పూ లేకుండా ఊపిరిలో, మూత్రంలో, చెమటలో బయటికి వస్తుంది. చర్మం వాటా సుమారు 1 శాతమే. సెన్సర్‌కు అది చాలు.

◆ ఇందుకు చెమటలు కారనక్కర్లేదు. చల్లటి గదిలో కదలకుండా కూర్చున్నా చర్మం నుంచి తేమ ఆవిరిగా పోతూనే ఉంటుంది. ఇటలీ వైద్యుడు సాంటోరియో తిన్నదీ విసర్జించినదీ ఏళ్ల తరబడి తూచి, కంటికి కనిపించని ఈ చెమట గురించి 1614లోనే పుస్తకం రాశాడు. ఆల్కహాల్ అణువు చిన్నది, నీటిలో ఇట్టే కలిసిపోతుంది. అందుకే ఆ తేమతో పాటే చర్మం దాటేస్తుంది.

◆ 1980లో అమెరికా పరిశోధకులు చెమట పీల్చే పట్టీని కొన్ని రోజులు ఒంటిమీద ఉంచి, తీశాక ల్యాబ్‌లో పరీక్షించే పద్ధతిని పరిశీలించారు. ఒంటిమీద ఉండగానే కొలిచే ఎలక్ట్రానిక్ పరికరంపై రాబర్ట్ స్విఫ్ట్ బృందం 1992లో అధ్యయనం ప్రచురించింది.

◆ ఈ తరహా పరికరాల్లో ఎక్కువగా ఉండేది ఫ్యూయెల్ సెల్. చర్మం నుంచి వచ్చిన ఆవిరిలోని ఆల్కహాల్ ఎలక్ట్రోడ్ దగ్గర ఎసిటిక్ ఆమ్లంగా మారుతుంది. ఆ చర్యలో ఎలక్ట్రాన్లు విడుదలవుతాయి. ఆల్కహాల్ ఎక్కువైనకొద్దీ కరెంటు పెరుగుతుంది. చాలా బ్రీత్ అనలైజర్లు పనిచేసేదీ ఇలాగే.

◆ చర్మం నిజమే చెబుతుంది, కానీ ఆలస్యంగా చెబుతుంది. రక్తంలో పెరిగిన ఆల్కహాల్ ఈ పరికరాలకు అందేసరికి అరగంట నుంచి రెండు గంటలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పట్టవచ్చు. కాబట్టి సెన్సర్ సున్నా చూపిస్తోందని బండి తీయడం ప్రమాదం. మన దేశంలో 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. ఆల్కహాల్ దాటితే బండి నడపడం నేరం.

◆ ఈ ఆలస్యాన్ని తగ్గించేందుకు శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వాంగ్, ప్యాట్రిక్ మెర్సియర్ బృందం 2016లో తాత్కాలిక టాటూ లాంటి ప్యాచ్ తయారుచేసింది. ఇది స్వల్ప విద్యుత్తుతో పైలోకార్పిన్ మందును చర్మంలోకి పంపి, అక్కడికక్కడే చెమట పుట్టిస్తుంది. ఆ చెమటలోని ఆల్కహాల్‌పై ఒక ఎంజైమ్ పనిచేసి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను ఇస్తుంది. ఎలక్ట్రోడ్ దాన్ని కొలిచి, ఫలితాన్ని బ్లూటూత్ ద్వారా ఫోనుకు చేరవేస్తుంది.

◆ శానిటైజర్, సెంటు తగిలినా సెన్సర్ స్పందిస్తుంది. అయితే వాటివల్ల గ్రాఫ్ ఒక్కసారిగా పైకి లేచి, త్వరగా పడిపోతుంది. తాగినప్పుడు మెల్లగా ఎక్కి, కాలేయం పని పూర్తయ్యేదాకా మెల్లగా దిగుతుంది. నిపుణులు ఈ తేడాను బట్టే అసలు సంగతి తేలుస్తారు.

◆ చీలమండకు కట్టే స్క్రామ్ పరికరం అమెరికాలో 2003లో వచ్చింది. అరగంటకోసారి కొలుస్తుంది. చర్మానికీ దానికీ మధ్య ఏదైనా అడ్డుపెడితే ఉష్ణోగ్రత, పరారుణ సెన్సర్లు పసిగడతాయి. వేల్స్‌లో 2020 నుంచి, ఇంగ్లండ్‌లో 2021 నుంచి కోర్టులు మద్యం సంబంధిత నేరాల్లో 120 రోజుల వరకు ఇలాంటి ట్యాగ్ ధరించాలని ఆదేశిస్తున్నాయి.

◆ చూడటానికి చక్కగా, ధరించడానికి సులువుగా ఉండే పరికరం కోసం అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ పోటీ పెట్టింది. మణికట్టుకు కట్టుకునే ‘స్కిన్’ 2016లో మొదటి బహుమతిగా 2 లక్షల డాలర్లు గెలుచుకుంది.

◆ కోర్టు కన్నా క్లినిక్‌లోనే ఈ సెన్సర్ ఎక్కువ మేలు చేయగలదు. మద్యం ముట్టని రోజులను దీంతో నిర్ధారించి, ఆ రోజులకు చిన్న నగదు ప్రోత్సాహకం ఇచ్చినప్పుడు తాగని రోజులు పెరిగినట్టు అమెరికా అధ్యయనాల్లో తేలింది. మానాలని గట్టిగా అనుకునేవారికి తాగని ప్రతి రోజూ ఒక గెలుపే. ఆ గెలుపుకు చెరగని ఆధారం ఉండాలి. అది ధరించినవారి ఇష్టంతోనే డాక్టరుకు చేరాలి.

◆ ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగేవారు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ వంటి ప్రాణాపాయం రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి. మన దేశంలో వ్యసన విముక్తి సాయానికి ఉచిత హెల్ప్‌లైన్ నంబరు 14446.