మీకు తెలుసా? తుప్పుతో శ్వాసించే జీవి

గాలి సోకని బురదలో జియోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా ఆక్సిజన్‌కు బదులు ఇనుప తుప్పుతో శ్వాసిస్తుంది!

ఆహారాన్ని విడగొట్టగా వచ్చే ఎలక్ట్రాన్లను వదిలించుకుంటేనే ఏ కణానికైనా శక్తి, ఎదుగుదల. మనకైతే ఆక్సిజన్ కణంలోకే వచ్చి వాటిని అందుకుంటుంది. తుప్పు ఘనపదార్థం, లోపలికి రాలేదు. అందుకే ఈ జీవి ఎలక్ట్రాన్లనే బయటికి పంపుతుంది, వెంట్రుక కన్నా వేల రెట్లు సన్నని ప్రోటీన్ తీగల మీదుగా. ఆ తీగల నిర్మాణం 2019లో బయటపడింది. అద్భుతం ఏమిటంటే, మన రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఉండే హీమ్ లాంటి, ఇనుము ఉన్న అణువులే వాటి పొడవునా ఒకదాని పక్కన ఒకటి బారులు తీరి ఉన్నాయి.

ఈ జాతిని తొలిసారి 1987లో అమెరికాలోని పొటోమాక్ నది బురదలో గుర్తించారు. తుప్పు బదులు ఎలక్ట్రోడ్ పెట్టినా ఎలక్ట్రాన్లను దానికే అందిస్తుంది. అలా బురద నుంచి కొద్దిపాటి కరెంటు తీయవచ్చు.