పాడింది బాగానే ఉంది.. రికార్డులో ఆ టకటకలేంటి?

నాత్ అయినా, ఖిరాత్ అయినా, పాట అయినా ఇంట్లోనే రికార్డు చేసుకునేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఒక మైకు, హెడ్‌ఫోన్, వాటిని కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె ఉంటే పని మొదలుపెట్టొచ్చు. చిక్కంతా తర్వాతే. నానీ పాడిన పాత పెళ్లి పాట మధ్యలో టకటకమని శబ్దం వస్తుంది, లేదా గొంతు తెగిపోతుంది. మళ్లీ పాడమంటే ఆమెకు ఓపిక ఉండదు. పెట్టె పాడైందనుకుని కొత్తది కొంటే డబ్బు పోతుంది, ఒక్కోసారి టకటక మాత్రం పోదు. అందుకే కొనే ముందు తప్పు ఎక్కడుందో చూసుకోవాలి.

మైకు నుంచి వచ్చే శబ్దాన్ని ఇంటర్‌ఫేస్ అంకెలుగా మారుస్తుంది. సెకనుకు 44,100 లేదా 48,000 సార్లు కొలిచి కంప్యూటర్‌కు పంపుతుంది. ఆ రెండింటి మధ్య దుబాసీలా పనిచేసే సాఫ్ట్‌వేరే డ్రైవర్. దుబాసీ తడబడితే మాట తెగినట్టే, డ్రైవర్ తడబడితే శబ్దం తెగుతుంది.

ముందు చూడాల్సింది బఫర్ సైజు. కంప్యూటర్ శబ్దాన్ని కొంచెం కొంచెంగా పోగుచేసి తీసుకుంటుంది. ఆ పోగే బఫర్. 48,000 రేటులో 256 శాంపిళ్ల బఫర్ అంటే దాదాపు 5 మిల్లీసెకన్లు, 1024 అంటే 21. బఫర్ మరీ చిన్నదైతే కంప్యూటర్‌కు టైము చాలక టకటకలు వస్తాయి. పెద్దదైతే మన గొంతు హెడ్‌ఫోన్‌లో ఆలస్యంగా వినబడుతుంది. ఇంటర్‌ఫేస్‌కు డైరెక్ట్ మానిటర్ బటన్ ఉంటే అది నొక్కి, బఫర్ పెంచేయండి. మన గొంతు కంప్యూటర్ దాకా వెళ్లకుండా నేరుగా చెవికి చేరుతుంది.

రెండోది డ్రైవర్. విండోస్‌లో రికార్డింగ్‌కు ఏసియో డ్రైవర్ వాడతారు. ఇంటర్‌ఫేస్ కంపెనీ సొంతంగా ఇచ్చిన ఏసియో ఉంటే అదే వేసుకోండి. ఏసియో ఫర్ ఆల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కంపెనీ డ్రైవర్ లేనప్పుడు పనికొస్తుంది, కానీ అది ఉన్న విండోస్ డ్రైవర్ మీదే ఆధారపడుతుంది. రికార్డు చేసేటప్పుడు వైఫై ఆపి చూడండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో వైఫై డ్రైవరే శబ్దానికి అడ్డుపడుతుంది. పవర్ సెట్టింగుల్లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ కూడా ఆపేయండి.

మూడోది వైరు, కరెంటు. ఇంటర్‌ఫేస్‌ను హబ్‌కు కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లే. కండెన్సర్ మైకుకు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కూడా అందులోంచే రావాలి. "హమ్మ్" అని మోత వస్తుంటే చార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి. మోత ఆగిందంటే ఇంటర్‌ఫేస్ మంచిదే. చార్జర్‌నో, ఇంట్లో ఎర్తింగ్‌నో అనుమానించాలి. గొంతు బరువుగా, నెమ్మదిగా వినిపిస్తే ఇంటర్‌ఫేస్‌లో 48,000, సాఫ్ట్‌వేర్‌లో 44,100 ఉన్నాయేమో చూసి రెండూ ఒకటే చేయండి.

ఇవన్నీ అయ్యాక కూడా తీరకపోతే అప్పుడు కొత్తది ఆలోచించండి. సెకండ్ హ్యాండ్ అయితే మరీ జాగ్రత్త. పెట్టె బాగానే ఉన్నా, కంపెనీ డ్రైవర్ ఇవ్వడం మానేస్తే కొత్త విండోస్‌లో అది నడవకపోవచ్చు. మన కంప్యూటర్‌కు సరిపడే డ్రైవర్ కంపెనీ వెబ్‌సైట్‌లో ఉందా, చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ చేశారు అన్నది చూశాకే డబ్బు ఇవ్వండి. "క్లాస్ కంప్లయంట్" అని రాసి ఉన్నవి మ్యాక్‌లో, లినక్స్‌లో మామూలుగా వేరే డ్రైవర్ లేకుండానే నడుస్తాయి. విండోస్‌కు కూడా యూఎస్‌బీ ఆడియో 2.0 డ్రైవర్ 2017 నుంచి ఉంది.

ఇంకో మాట. పెద్దల గొంతు రికార్డు చేసేటప్పుడు పక్కన ఒక ఫోన్‌లో కూడా రికార్డింగ్ ఆన్ చేసి పెట్టండి. క్వాలిటీ కాస్త తక్కువైనా, ఆ గొంతు మాత్రం చేజారదు.